ఓడ కనిపించని చోట ఓడను వెతకడం

పోయిన వేసవిలో పోర్ట్స్‌మౌత్‌లో ఉండే మా అక్క కూతురు సాహితి దగ్గర నెల రోజులు ఉండి వచ్చాను. ఒక ఆదివారం పొద్దున్నే ఫోను నా చేతికిచ్చి, "పిన్నీ, ఇవాళ నువ్వే దారి చూపించాలి" అంది. తెర మీద ఒక బాణం గుర్తు, దాని కింద దూరం. 140 మీటర్లు, 90, 30. చివరికి 4 అని చూపించేసరికి సముద్రం పక్కన కాలిబాట మీద ఒక చెక్క బెంచీ ముందు ఉన్నాం. "కూర్చుని అడుగున తడిమి చూడు" అంది. వేళ్ళకి చల్లగా ఏదో తగిలింది. అయస్కాంతంతో అతుక్కుని ఉన్న చిన్న డబ్బా, వెనకటికి కెమెరా రీళ్ళు వచ్చేవే, అలాంటిది. మూత బిగుసుకుపోయి ఉంది. గోరుతో లేపితే లోపల వేలెడు పొడుగు కాగితం చుట్ట. తేమకి అంచులు మెత్తబడ్డాయి. అందులో వరసగా పేర్లు, తేదీలు. చివరి పేరు కింద నా పేరు తెలుగులో రాశాను.

జియోక్యాషింగ్ అంటే ఇంతే. ఎవరో ఒకచోట డబ్బా దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు వెతుక్కుంటూ వెళ్తారు. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని కలుపుతూ వచ్చిన తప్పును ఆపేసింది. అప్పటిదాకా మామూలు జనం చేతిలోని రిసీవర్ 100 మీటర్ల దాకా అటూ ఇటూ చూపించేది. ఆ మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లో ఒక బకెట్టులో కొన్ని వస్తువులు పెట్టి, దాన్ని సగం పాతి, అదెక్కడుందో అక్షాంశ రేఖాంశాలు నెట్‌లో పెట్టాడు. ఆట అక్కడ మొదలైంది.

ఆ ఆదివారం మేము వెతికినవి పది డబ్బాలు. ఒక్కోదానికి ఒక్కో యుద్ధనౌక పేరు. ఒక డబ్బా దొరికాక అందులోని ప్రశ్నలకి జవాబులు పూరిస్తే తర్వాతి డబ్బా ఎక్కడుందో అంకెలు వస్తాయి. విక్టరీ నీళ్ళలోకి దిగింది ఏ సంవత్సరం? దాని మీద ఫిరంగులెన్ని? వారియర్ ఎప్పటిది? సాహితి చకచకా ఫోనులో చూసి చెప్పేది, నేను కాగితం మీద వేసుకునేదాన్ని. 1765, 104, 1860. రెండు గంటల్లో పదీ అయిపోయాయి. నిజంగా సంతోషంగా గడిచిన పొద్దు అది. రాత్రి భోజనాల దగ్గర మా అల్లుడు, "విక్టరీ గురించి ఏం తెలిసింది అత్తయ్యా?" అని అడిగితే, 104 ఫిరంగులు అన్నాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ ఓడ ఇప్పటికీ ఆ ఊళ్ళోనే, మేము తిరిగిన చోటికి కాస్త దూరంలోనే డాక్‌లో ఉంది. మేము తల ఎత్తి ఆ వైపు చూడనేలేదు.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. మొన్న జనవరిలో సాహితి చెన్నై వచ్చి, "ఇక్కడ కూడా ఓడల మీద అలాంటి డబ్బాల దారి, ఒక ట్రెయిల్, వేద్దామా పిన్నీ" అన్నప్పుడు, అప్పటినుంచి నలుగుతున్నదంతా బయటికొచ్చింది. రెండు నెలలు వాదించుకున్నాం. ఫోనులో విశాఖ నుంచి మా బాబాయి కూడా కలిశారు. నేను గట్టిగా నమ్మేది ఇదీ. ఓడల చరిత్ర మీద దారి వేస్తే ఒడ్డున నిలబడ్డవాళ్ళ వైపు నుంచి వేయాలి. అడిగిన ప్రశ్నకి జవాబు ఫోనులో దొరక్కూడదు, ఆ చోటుకి వెళ్తేనే దొరకాలి. చెన్నైలో అయితే డబ్బా అసలు దాచకూడదు. ఈ మూడింటిలో రెండోదాని మీద నా మనసు కొంత మారింది. అది ఎలా మారిందో కూడా చెప్తాను.

నల్ల టేపు డబ్బా

ముందు డబ్బా సంగతి. బీచికి దగ్గర్లో ఒక చిన్న పార్కు ఉంది. ఊరికే పరీక్షగా చూద్దామని, ఇంట్లో యాలకులు పోసుకునే ప్లాస్టిక్ డబ్బా ఖాళీ చేసి, వాన తగలకుండా నల్ల టేపు చుట్టి, కాగితం, పెన్సిల్ ముక్క పెట్టి గోడ సందులో దూర్చాం. టీ తాగి అరగంటకి తిరిగొచ్చేసరికి అక్కడ ఏడెనిమిది మంది గుమిగూడి ఉన్నారు. ఒక పెద్దావిడ మనవణ్ణి రెక్క పట్టుకుని గేటు దాకా లాక్కెళ్ళిపోయింది. ఒక కానిస్టేబుల్ గోడకి దూరంగా నిలబడి అందర్నీ వెనక్కి జరగమంటున్నాడు. నేను పరుగెత్తుకెళ్ళి, అది మాదేనని చెప్పి, ఆయన ముందే మూత తీసి చూపించాను. ఆయన కేకలేయలేదు. "అమ్మా, నల్ల టేపు చుట్టిన డబ్బా గోడలో పెట్టి వెళ్ళిపోతే ఎవరికైనా టెన్షనే కదా" అని మాత్రం తమిళంలో అన్నాడు. ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. ఆవిడ చేతులు ఇంకా వణుకుతున్నాయి.

తప్పు పూర్తిగా మాది. స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి లేకుండా దాచకూడదని ఆట నియమాల్లోనే ఉంది. మట్టి తవ్వి పాతకూడదనీ ఉంది. ఒక డబ్బాకీ ఇంకో డబ్బాకీ మధ్య కనీసం 161 మీటర్ల ఎడం ఉండాలని కూడా ఉంది. దూరాలు కొలుచుకున్నాం కానీ అనుమతి సంగతి "ట్రయలే కదా" అని వదిలేశాం.

అయితే ఆ రోజు నాకు తట్టింది నియమం గురించి కాదు. ఈ ఆటలో ఆడనివాళ్ళని పిలవడానికి మగుల్స్ అని ఒక మాటుంది. వాళ్ళ కంటపడకుండా తీయాలి, వాళ్ళ కంటపడకుండా పెట్టాలి. పోర్ట్స్‌మౌత్ కాలిబాట మీద ఆదివారం ఎనిమిది గంటలకి మనిషి కనిపించడు కాబట్టి అది అక్కడ సాగింది. చెన్నై ప్యారిస్ కార్నర్‌లో ఏ గంటకి మనిషి ఉండడు? తెల్లవారుజామున మూడింటికి వెళ్ళినా పూల బుట్టలు దింపుతూ ఉంటారు. మన ఊళ్ళలో ఏ గోడా ఖాళీగా ఉండదు. దాని కింద ఒక చెప్పులు కుట్టే ఆయనో, జామకాయల బండో, నిద్రపోతున్న మనిషో ఉంటారు. ఆ మనిషి కంటపడకుండా ఎలా అని తల బద్దలుకొట్టుకునే బదులు, ఆ మనిషినే అడిగేలా ఆట ఉండకూడదా అనిపించింది.

సాహితి ఒప్పుకోలేదు. చెన్నైలో, బెంగళూరులో కూడా ఎంతో జాగ్రత్తగా డబ్బాలు పెట్టి ఏళ్ళ తరబడి చూసుకుంటున్నవాళ్ళు ఉన్నారనీ, ఒక్క పొరపాటు పట్టుకుని ఆట మొత్తాన్ని అనకూడదనీ వాదించింది. నిజమే. అదీగాక డబ్బా లేని పద్ధతులు ఆటలోనే ఉన్నాయి. ఎర్త్‌క్యాష్ అని ఉంది. అక్కడ ఏమీ దాచరు. ఆ చోటుకి వెళ్ళి, నేలనీ రాళ్ళనీ చూసి, అడిగినదానికి జవాబు పంపాలి. నేను అడుగుతున్నది అలాంటిదే, రాయి బదులు గోడ.

ఆ గోడ

ఇక్కడివాళ్ళకి ఎమ్‌డెన్ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. 1914 సెప్టెంబరు 22, రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతం. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఎమ్‌డెన్ అనే ఆ జర్మన్ యుద్ధనౌక దీపాలార్పుకుని మద్రాసు రేవుకి మూడు వేల గజాల దూరంలోకి వచ్చింది. ఊళ్ళో దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. సెర్చిలైట్లు వేసి బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద కాల్చడం మొదలుపెట్టింది. మొత్తం 130 గుళ్ళు. అరగంట లోపే అంతా అయిపోయింది. తీరం నుంచి ఫిరంగులు బదులిచ్చినా దానికి తగల్లేదు. ట్యాంకులు తగలబడ్డాయి. రేవులో ఉన్న చుప్రా అనే ఓడకి దెబ్బలు తగిలి అందులోవాళ్ళు చనిపోయారు. ఆ తర్వాతి రోజుల్లో వేలమంది ఊరు వదిలి వెళ్ళిపోయారు. ఒక గుండు హైకోర్టు ప్రహరీకి తగిలింది. తూర్పువైపు గోడలో ఆ సంగతి చెప్పే ఫలకం ఇప్పటికీ ఉంది.

సాహితి మొదట రాసిన ప్రశ్న: ఎమ్‌డెన్ ఎన్ని గుళ్ళు కాల్చింది? జవాబు 130, తర్వాతి మజిలీకి అంకెలు తయారు. నేను వద్దన్నాను. ఆ అంకె కోసం గోడ దాకా రావాల్సిన పనేముంది, మంచం మీద పడుకునే చెప్పచ్చు.

ఒక సాయంత్రం ఇద్దరం వెళ్ళి ఆ గోడ ముందు నిలబడ్డాం. ఫలకం చదివాక వెనక్కి తిరిగి, వీపు గోడ వైపు పెట్టి తూర్పుకి చూశాం. బస్సులు, ఆటోలు, రోడ్డుకి అవతల కట్టడాలు, వాటి వెనక రేవు క్రేన్ల తలలు. సముద్రం ఎక్కడా లేదు. ఉప్పు వాసన మాత్రం డీజిలు పొగలో కలిసి వస్తోంది. "సముద్రం కనపడట్లేదు పిన్నీ" అంది సాహితి. అదే ప్రశ్న అన్నాను. ఇక్కడ నిలబడితే సముద్రం కనిపిస్తుందా? కనపడని చోటు నుంచి ఎగిరొచ్చిన ఇనుము ఈ గోడకి తగిలింది. ఆ రాత్రి ఈ వీధుల్లో ఉన్నవాళ్ళలో చాలామందికి కాల్చింది ఎవరో, ఇంకా ఎంతసేపు కాలుస్తారో తెలిసే దారే లేదు. ఆ ఓడ వెళ్ళిపోయిందని కూడా తెలియదు. అందుకే ఊరు ఖాళీ అయింది. 130 అన్న అంకె కన్నా, గోడకి వీపు పెట్టి నిలబడ్డ ఆ రెండు నిమిషాల్లో నాకు ఎక్కువ అర్థమైంది.

పక్కన టీ కొట్టు ఉంది. కొట్టాయన్ని సాహితి తన విరిగిన తమిళంలో, ఆ గోడ మీద ఏముందో తెలుసా అని అడిగింది. ఫలకం సంగతి ఆయనకి తెలియదు. ఎమ్‌డెన్ అనగానే మాత్రం నవ్వి, లోపల గ్లాసులు కడుగుతున్న కుర్రాణ్ణి చూపించి, "ఇవన్ దాన్ ఎమ్డన్" అన్నాడు. మహా గడుసువాడు అని. మా నాయనమ్మ పెరంబూరులో ఉన్నన్నాళ్ళూ మా అన్నయ్యని తెలుగులోనే తిడుతూ, "వీడొట్టి ఎమ్డన్‌రా బాబూ" అనేది. ఆవిడకి జర్మనీ ఎక్కడుందో తెలియదు. ఓడ 1914 నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర సిడ్నీ అనే ఆస్ట్రేలియా నౌక దెబ్బకి ముక్కలైంది. అది భయపెట్టిన ఊళ్ళో దాని పేరు మాటైపోయి, ఇన్నేళ్ళ తర్వాత టీ కొట్టులో బతికే ఉంది. సాహితి వెతుకుతున్న డబ్బా అదేనేమో అనిపించింది నాకు. దాన్ని తెరవాలంటే అక్కడున్న మనిషిని పలకరించాలి.

ఈ కథలో జాగ్రత్త పడాల్సిన చోటు కూడా ఒకటుంది. జర్మనీలో ఉండి బ్రిటిషువాళ్ళ మీద పోరాడిన చంపకరామన్ పిళ్ళై ఆ ఓడలోనే వచ్చాడనీ, ఎక్కడ కొట్టాలో ఆయనే చూపించాడనీ చాలామంది చెప్తారు. విని ఒళ్ళు పులకరిస్తుంది. కానీ దానికి గట్టి ఆధారం లేదు. ఆ మాట మన దారిలో పెట్టాలా వద్దా అని మూడు రోజులు తర్జనభర్జన పడ్డాం. పెట్టొద్దన్నది నేను. జనం నమ్మకం కూడా చరిత్రలో భాగమే కదా అంది సాహితి. చివరికి "జనం ఇలా చెప్పుకుంటారు, ఓడ రికార్డుల బలం దీనికి లేదు" అని రెండు ముక్కల్లో పెట్టాం. ఇప్పటికీ నాకు పూర్తి తృప్తి లేదు.

బాబాయి అడ్డం తిరిగారు

నా వాదన మొత్తం విన్నాక ఫోనులో బాబాయి కాసేపు ఏమీ అనలేదు. ఆయన నేవీలో ఇంజన్ రూములో పనిచేసి రిటైరయ్యారు. చివరి ఏళ్ళు ఐఎన్ఎస్ రాజ్‌పుత్ మీద. తర్వాత మెల్లగా అన్నారు: "అంకెలు వద్దంటున్నావు గానీ తల్లీ, ఓడ మీద పనిచేసినవాడికి ఆ అంకెలే ఇంటి నంబరు."

ఆయన చెప్పింది ఇదీ. రాజ్‌పుత్‌లు రెండు. 1971లో ఉన్నది పాతది, బ్రిటిషువాళ్ళ దగ్గర కొన్నది, డి141. ఆ తర్వాతది సోవియట్‌లో కట్టించి 1980 మే 4న నేవీలో చేర్చుకున్నది, డి51. పేరు ఒకటే. ఓడ పక్క మీద తెల్లగా రాసిన అంకె చూస్తేనే ఏ రాజ్‌పుతో తెలుస్తుంది. 2021 మే 21న డి51కి సెలవిచ్చారు. కోవిడ్ రోజులు. విశాఖలో ఉండి కూడా బాబాయి వెళ్ళలేకపోయారు. టీవీలో జెండా దించుతుంటే పిన్నిని పిలిచి, "అదిగో చూడు, ఆ అంకె" అన్నారట. "ఆ అంకె అడిగితే పిల్లలు ఫోనులో చూసి రాసేస్తారంటావు. రాయనీ. ఒక్కడైనా ఈ రెండు ఓడలకీ ఒకే పేరెందుకని అడుగుతాడు."

సాహితికి పండగైంది. వెంటనే, "మరి విక్రాంత్ తాతయ్యా? పాతదీ ఆర్11, కొత్తదీ ఆర్11" అంది. నిజమే. 1961 మార్చి 4న వచ్చి 1997లో రిటైరైన విమాన వాహక నౌక విక్రాంత్ అంకెనే 2022 సెప్టెంబరు 2న చేరిన కొత్త విక్రాంత్‌కి ఇచ్చారు. బాబాయి నవ్వి, "అందుకే అంటున్నాను, అంకె కూడా కథ చెప్తుంది. ఎక్కడ కొత్తది ఇచ్చారు, ఎక్కడ పాతదే ఇచ్చారు, ఎందుకిచ్చారు" అన్నారు.

అక్కడ నేను తగ్గాను. అంకె మీద నాకున్న కోపం నిజానికి అంకె మీద కాదు, అది రాగానే ముందుకి పరిగెత్తడం మీద. ఒక అంకె ఇచ్చి, ఇది ఎవరిదో తెలిసిన మనిషి కోసం వెతకమంటే అది వేరే ఆట అవుతుంది. చెన్నైలో నేవీలో చేసినవాళ్ళు తక్కువేం లేరు. మా వీధిలోనే ఇద్దరున్నారని ఈ గొడవలో పడ్డాకే తెలిసింది.

ఆయన ఇంకో మాట అన్నారు, అది ఇంకా లోతుగా తగిలింది. "ఒడ్డున నిలబడ్డవాళ్ళు, ఒడ్డున నిలబడ్డవాళ్ళు అంటున్నావు. ఓడలో అడుగున పనిచేసేవాడికి సముద్రం ఎప్పుడు కనపడిందమ్మా? మాకూ కనపడదు." ఇంజన్ రూము వేడిలో నాలుగేసి గంటల వాచ్‌లు చేసిన మనిషి ఆ మాట అంటే నేనేం చెప్పగలను. 1946 ఫిబ్రవరి 18న బొంబాయిలో తల్వార్ అనే నేవీ శిక్షణ కేంద్రంలో నావికులు తిండి బాగాలేదనీ, తెల్ల అధికారులు నీచంగా చూస్తున్నారనీ మొదలుపెట్టిన తిరుగుబాటు మద్రాసులో అడయార్ అనే నేవీ కేంద్రం దాకా పాకింది. వాళ్ళ కోసం ఒక మజిలీ ఉండాలన్నారు. ఉండాలి. నేను ఆలోచించిన దారిలో వాళ్ళు లేరు. ఎమ్‌డెన్ విషయంలో కూడా అంతే. ఆ ఓడలో 130 మందికి పైగా చనిపోయారు. దాని కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్, పట్టుకున్న ఓడల్లోని మనుషుల ప్రాణాలు కాపాడటానికి శక్తికొద్దీ చూసినవాడు. కబింగా అనే ఓడని పట్టుకుని, దాని కెప్టెన్ భార్యాబిడ్డలతో ఉన్నాడని తెలిసి, మిగతా ఓడల ఖైదీలని కూడా అందులోకి ఎక్కించి వదిలేశాడు. మద్రాసు గోడ దగ్గర నిలబడి ఈ మాట కూడా చెప్పాలి. భయపడ్డవాళ్ళ పక్కన నిలబడినంత మాత్రాన భయపెట్టినవాణ్ణి రాక్షసుణ్ణి చేయక్కర్లేదు.

ఇక దాచడమే ఆట అంటే, తూర్పు తీరంలో అంత పెద్ద దాపరికం ఇంకొకటి లేదు. 1971 యుద్ధానికి ముందు విక్రాంత్ కొంతకాలం మద్రాసులో ఉంది. దాన్ని వెతుక్కుంటూ పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ బయల్దేరింది. విక్రాంత్‌ని అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉందని అనిపించేలా పాత రాజ్‌పుత్ చేత వైర్‌లెస్ సందేశాలు పంపించారు. డిసెంబరు 3 రాత్రి, 4 తెల్లవారేలోగా, ఘాజీ విశాఖ దగ్గర మునిగిపోయింది. అందులోని 93 మందీ చనిపోయారు. మా వాళ్ళు చెప్పేది రాజ్‌పుత్ వదిలిన బాంబుల వల్లనని, పాకిస్తాన్ చెప్పేది లోపలి ప్రమాదమో సొంత మైనో అని. ఆ రాత్రి కిటికీలు అదిరాయని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. మద్రాసులో ఈ మజిలీకి చూపించడానికి ఏమీ లేదు. రేవు బయట రోడ్డు మీద నిలబడి, "ఇక్కడి నుంచి వెళ్ళిపోయిందన్న సంగతి పైకి పొక్కకుండా ఎంతమంది నోరు మూసుకుని ఉంటారు?" అని అడగడం తప్ప.

తెలుగు చెక్కిన రాయి

నుంగంబాకం వాతావరణ కేంద్రం ఆవరణలో, 1792లో కట్టిన మద్రాసు అబ్జర్వేటరీ తాలూకు గ్రానైట్ స్తంభం ఉంది. లోపలికి వెళ్ళాలంటే అనుమతి కావాలి, కాబట్టి దాన్ని మామూలు మజిలీ చేయలేం. కానీ ఓడల దారి దీనితోనే మొదలవ్వాలని నా పట్టు. ఆ అబ్జర్వేటరీ పెట్టిన కారణాల్లో ఓడలు నడపడం ఒకటి. మద్రాసు రేఖాంశం కచ్చితంగా తెలిస్తే తప్ప ఆ నీళ్ళలో తిరిగే ఓడకి తానెక్కడుందో తెలియదు. తర్వాత రైళ్ళు నడిచిన మద్రాసు టైము, గ్రీనిచ్ కన్నా 5 గంటల 21 నిమిషాలు ముందు, ఇక్కడిదే. ఇవాళ సాహితి ఫోనులో బాణం తిరుగుతోందంటే దాని వెనక కూడా ఓడలే ఉన్నాయి. ఉపగ్రహాలతో దారి చూసే మొదటి పద్ధతి, ట్రాన్సిట్, అమెరికా నేవీ తన జలాంతర్గాముల కోసం తయారుచేయించుకున్నది.

ఆ స్తంభం దగ్గరి శాసనం లాటిన్‌లో, తమిళంలో, తెలుగులో కూడా ఉంది. దాని మీద పేరున్న మైకేల్ టాపింగ్ మన తీరం కొలుస్తూ తిరిగి, 1796లో మచిలీపట్నంలో జ్వరంతో చనిపోయాడు. చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకి, ఈ ఊళ్ళో రెండొందల ఏళ్ళ కిందటే ఖగోళం గురించి మన లిపిలో రాయి చెక్కారని చెప్పేవాళ్ళు ఎవరు? నాకు నలభై దాటాక తెలిసింది.

ట్రురో దగ్గర ఆగిపోయాం

ఒక్క విషయం మాత్రం తేలలేదు. 1860 అక్టోబరులో ట్రురో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. నాటాల్ చెరుకు తోటలకి ఒప్పందం మీద వెళ్ళిన మొదటి కూలీలు అందులో ఉన్నారు. తమిళులు, తెలుగువాళ్ళు. అది యుద్ధనౌక కాదు. దాని మీద ఫిరంగులు లేవు. బాబాయి లెక్కలో అది మన దారిలోకి రాదు. "నేవీ దారి అన్నావు, నేవీ దారే వెయ్యి. అన్నీ కలిపేస్తే ఏదీ మిగలదు" అంటారు. ఆయన మాటలో న్యాయముంది. ఒక దారికి ఒక తాడు ఉండాలి.

కానీ ఒడ్డున నిలబడ్డవాళ్ళ వైపు నుంచి చూడాలని నేనే అన్నాక, ఆ ఒడ్డు నుంచి మనవాళ్ళు ఎక్కి వెళ్ళిపోయిన ఓడని ఎలా వదలను? యుద్ధనౌకలు సముద్రాన్ని కాపలా కాసింది ఇలాంటి ఓడలు తిరగడానికే కదా. బెసెంట్ నగర్ బీచిలో తెల్లటి ఆర్చి ఉంది. 1930 డిసెంబరు 30న మునిగిపోతున్నవాళ్ళని కాపాడబోయి చనిపోయిన డేనిష్ నావికుడు ష్మిత్ గుర్తుగా కట్టింది. దాని ముందు రోజూ వందల ఫోటోలు దిగుతారు. ఆయన కూడా ఏ యుద్ధమూ చేయలేదు. ఆయన్ని చేర్చడానికి బాబాయి ఒప్పుకున్నారు, ట్రురోకి ఒప్పుకోలేదు. ఎందుకని అడిగితే, "అతను నావికుడు" అన్నారు. ఆ మాటకి జవాబు ఇంకా ఆలోచిస్తున్నాను.

డబ్బా బదులు మేము చేసింది చెప్పి ఆపుతాను. గోడ దగ్గరి టీ కొట్టాయన్ని అడిగి, ఆయన సరేనన్నాక, రెండొందల పేజీల రూళ్ళ నోటుబుక్కు ఒకటి బిస్కెట్ సీసాల వెనక పెట్టాం. దానికి పాలిథిన్ కవరు, దారంతో కట్టిన పెన్ను. గోడ దగ్గర నిలబడి వచ్చి, సముద్రం కనపడలేదని చెప్పినవాళ్ళకి ఆయన పుస్తకం ఇస్తాడు. ఎవరి ఇంట్లోనైనా ఆ రాత్రి గురించి చెప్పుకున్న మాట ఉంటే రాయమంటాడు. మొదటి పేజీ బాబాయిది. విశాఖ నుంచి వచ్చినప్పుడు రాశారు. ఇప్పటికి పదకొండు పేజీలయ్యాయి. పోయిన వారం ఒకాయన తన ముత్తవ్వ పసిబిడ్డని ఎత్తుకుని ఆ రాత్రి తిరువళ్ళూరు దాకా నడిచి వెళ్ళిందని తమిళంలో రాశాడట. టీ కొట్టాయన ఫోను చేసి చదివి వినిపించాడు. అందులో ఊరి పేరు ఒకటి సరిగా అర్థం కాలేదు. ఆదివారం వెళ్ళి చూడాలి.